సున్నపు గోడ మీద చేతిజాడ

"మీరు శ్రమపడి రానక్కర్లేదు. దోషి దొరికాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ సంజీవరావు.

డిటెక్టివ్ విజయభాస్కర్ బండి దిగి ఇసుకలో నిలబడ్డాడు. ముత్తుకూరులో బస్సు దిగాక సముద్రం దాకా ఎద్దుబండే గతి. దారి పొడవునా కుదుపులకు అతని ఎడమ భుజం సలుపుతోంది.

"ఆ దోషిని నేనూ చూడొచ్చా?"

"చూడండి. సరుగుడు చెట్టు కింద కూర్చున్నాడు. చూసి ఇదే బండిలో వెనక్కి పోండి."

ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్లు. రైలు దొంగలను తరుముతున్నప్పుడు విజయభాస్కర్ భుజం విరిగింది. చెయ్యి పైకి లేవని మనిషికి ఖాకీ చొక్కా ఎందుకన్నారు పైవాళ్లు. వాళ్లచేత అలా అనిపించినవాడు సంజీవరావేనని తరవాత తెలిసింది. అప్పటినుంచి నెల్లూరులో ఒంటిగది అద్దెకు తీసుకుని సొంతంగా నేర పరిశోధనలు చేసుకుంటున్నాడు. ఆ చేతిని మళ్లీ తలదాకా లేపించిన మనిషి నిన్న ఆదివారం పొద్దున చనిపోయింది.

ఆమె పేరు ఎలిశబెతు. వేలూరులో ఫిజియోథెరపీ నేర్చుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న ఈ కరుణాలయానికి వచ్చింది. కీళ్లవాతంతో మంచం పట్టినవాళ్లు, పోలియోతో కాళ్లు చచ్చుబడ్డవాళ్లు, పెద్దరోగం, అంటే కుష్ఠు, నయమైనా వేళ్లు ముడుచుకుపోయినవాళ్లు ఇక్కడ ముప్ఫైమంది దాకా ఉంటారు. వాళ్లకు సేవ చేయడంతో ఆమె ఊరుకోలేదు. ఏ జబ్బు మనిషి ఒంట్లో ఏ శక్తిని పట్టుకుపోతుంది, ఏది మిగులుస్తుంది, ఆ మిగిలినదాన్ని ఎంతవరకు పెంచవచ్చు? ఏళ్ల తరబడి ఆమె పరిశోధన ఇదే. రోగులు ఆమెను కసరత్తులమ్మ అని పిలిచేవారు.

పోయిన వేసవిలో విజయభాస్కర్ ప్రతి శనివారం ఇక్కడికి వచ్చేవాడు. "చెయ్యలేకపోవడం వేరు, చెయ్యడం మానెయ్యడం వేరు," అనేదామె, అతని చేతిని గోడ మీదికి కొద్దికొద్దిగా పాకిస్తూ. "బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి." ఆ తరవాత వరండాలో కూర్చుని కాఫీ తాగేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. భుజం బాగైపోయాక రావడానికి అతనికి సాకు దొరకలేదు.

ఈ పొద్దున నెల్లూరు ఆసుపత్రిలో ఆమె శవాన్ని చూసే వచ్చాడు. మెడ వెనక రెండు బొటనవేళ్ల ముద్రలు పక్కపక్కనే నల్లగా కమిలి ఉన్నాయి. తక్కిన వేళ్ల గుర్తులు ముందువైపు, గొంతు మీద. ఎవరో వెనకనుంచి రెండు చేతులతో మెడ బిగించి తలను నీళ్లలోకి అదిమారు.

చెట్టు కింద కూర్చున్న హెబ్రోను కరుణాలయంలో నీళ్లు మోసే మనిషి. ఒకప్పటి కుష్ఠురోగి. కానిస్టేబులు అతని మణికట్లకు తాడు కట్టి, ఆ తాటి కొస పట్టుకుని ఉన్నాడు.

"ఏం జరిగింది, హెబ్రోనూ?"

"కసరత్తుల తొట్టికి నీళ్లు పోసేది నేనే గదయ్యా. నిన్న పోసి ప్రార్థనకు పొయినా. ప్రసంగం అయిపోయి ఆఖరి పాట ఎత్తుకునేటప్పటికి గ్యాపకం వచ్చింది, కడవ తొట్టి కాడనే మర్చిపొయినానని. లేసి వస్తే అమ్మ నీళ్లలో బోర్లా పడుండాది. దిగినా. ఎత్తాలని చూసినా. జారిపోతా ఉండాది. నా చేతులు పట్టవు గదా. కేకలేసినా. అందరూ పాడతా ఉండారు, ఎవురికీ ఇనపళ్లా."

"శనివారం ఆమెతో పోట్లాడావట?"

"పోట్లాడినా. లేదనను. నిన్ను ఇంటికి పంపిస్తా హెబ్రోనూ, నీ అంతట నువ్వు బతకగలవు అనింది. ఇల్లు యాడుందమ్మా నాకు, మావోళ్లు నన్ను చావు లెక్కన ఏడ్చి వొదిలేసినారు అని అరిచినా."

వెనకనుంచి సంజీవరావు అందుకున్నాడు. "కారణం ఉంది. అవకాశం ఉంది. తొట్టిలో శవాన్ని పట్టుకుని ఉండగా పదిమంది చూశారు. ఇంకేం కావాలి మీకు?"

"రెండు బొటనవేళ్లు కావాలి," అన్నాడు విజయభాస్కర్.

జేబులోంచి బస్సు టికెట్టు తీశాడు. హెబ్రోను కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని ఉంచాడు.

"పట్టుకో. గట్టిగా."

హెబ్రోను పళ్లు బిగించాడు. నరాలు పొంగాయి. సముద్రం మీదినుంచి గాలి రివ్వున వచ్చింది. టికెట్టు ఎగిరి ఇసుకలో పడింది. ఎడమ చేతితోనూ అంతే అయింది.

"నటన!" అన్నాడు సంజీవరావు. "రోజూ కావడి మోసేవాడికి కాగితం ముక్క నిలవదా?"

"కావడి భుజంతో మోస్తాడు. కడవను ముడుచుకుపోయిన వేళ్లకు కొక్కెంలా తగిలించుకుంటాడు. తగిలించుకోవడం వేరు, పిసకడం వేరు. ఇక్కడ చూడండి." హెబ్రోను చెయ్యి తిప్పి బొటనవేలి మొదలు చూపించాడు. కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. "నటిస్తే కండ కరిగిపోదు, సంజీవరావు గారూ. శవం మెడ మీద ఉన్న ముద్రలు ఈ వేళ్లవి కావు. నెల్లూరు వెళ్లి డాక్టరును అడగండి."

"అడుగుతాను. వీణ్ని స్టేషన్లో పెట్టాక అడుగుతాను." ఇన్‌స్పెక్టర్ మొహం గంటుపెట్టుకున్నాడు. "మా వాళ్లు అన్నాలు తినేదాకా మీకు టైముంది. తరవాత జీపు కదులుతుంది."

భోజనాల గదిలో మగ్దలీనమ్మ ఒక ముసలాయనకు అన్నం తినిపిస్తోంది. ఆమె ఇక్కడ పెద్ద నర్సు. పాతికేళ్లుగా ఇదే ఇల్లు. పొడగరి, దిట్టమైన మనిషి. మంచం పట్టినవాళ్లను ఒక్కతే చంకలకింద చేతులు వేసి లేపి కూర్చోబెడుతుంది. హెబ్రోనును కాపాడమని విజయభాస్కర్‌కు తంతి కొట్టించింది ఆమే.

ముసలాయన వణుకుతున్న చెయ్యి పళ్లెంలో పెట్టబోయాడు. "వద్దు నాయనా, ఒలకబోసుకుంటావు," అని ఆమె ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టింది.

"మీరు పిలిపించారు. మిమ్మల్నే ముందు అడగాలి," అన్నాడు విజయభాస్కర్.

"అడగండయ్యా. ఆ పిచ్చోడు చీమకు కూడా చెరుపు చెయ్యడు. వాణ్ని ఉరికంబం ఎక్కించొద్దు."

"ఎలిశబెతు గారికి ఇక్కడ ఎవరితోనైనా పడదా?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఆ బిడ్డ మంచిదే. చదువుకున్న బిడ్డ. అయితే ఒకటే పట్టుదల. మీరు అన్నీ చేసిపెట్టి వీళ్లను ఇంకా అవిటివాళ్లను చేస్తా ఉండారు, మగ్దలీనమ్మా అంటది నాతో. తినేవాళ్లను తిననియ్యండి, లేసేవాళ్లను లేవనియ్యండి అంటది. సగంమంది ఇళ్లకు పోవచ్చునని కమిటీకి చెప్పేసింది."

"నిజంగా పోగలరా?"

"పోగలరేమో. పొయినాక ఎవురు చూస్తారు వాళ్లను? ఇక్కడ నేనుండా. వాళ్లు పోతే ఈ ఇంట్లో ఎవురుంటారు చెప్పండి."

"నిన్న ప్రార్థన జరుగుతున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"మొదటి పాటకు ఉండా. ప్రసంగం మొదలుపెట్టినాక కామమ్మకు గంజి ఇయ్యడానికి లేసొచ్చినా. ఆ బిడ్డ మంచం దిగలేదు గదా, ఆరేళ్లయింది. గంజి తాపి, తల దువ్వి, ఆ బిడ్డ కాడనే కూర్చున్నా. కేకలు విని పరిగెత్తినా. ఇన్‌స్పెక్టరు కామమ్మనూ అడిగినాడు. అవునని చెప్పింది."

విజయభాస్కర్ లేచి తొట్టి గదికి వెళ్లాడు.

గోడకు అవే కొయ్యమేకులు. అతని చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తే అంత ఎత్తున మేకు మీద ఎలిశబెతు ఒక ఎర్రదారం ముక్క కట్టేది. ఆఖరి దారం ఇంకా అక్కడే ఉంది. ఎందుకు విప్పలేదో అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

అతను చూపు మళ్లించుకుని పనిలో పడ్డాడు.

నడుంలోతు సిమెంటు తొట్టి. చుట్టూ పట్టుకోవడానికి ఇనుపకడ్డీ. ఎండకు వెచ్చబడిన నీళ్లలో ఒళ్లు తేలికవుతుంది, బిగుసుకున్న కీళ్లు సాగుతాయి. గదికి రెండు వాకిళ్లు. ముందు వాకిలి తోటలోకి, ప్రార్థన మందిరం వైపు. పోలీసులు ఆ వాకిలి నిండా బూటుకాళ్లతో తొక్కేశారు. వెనక వాకిలి జోలికి ఎవరూ పోలేదు. దాన్నుంచి ఒక ఇరుకు సందు ఆడవాళ్ల వార్డుకు పోతుంది. సందుకు ఒకవైపు పొడుగాటి గోడ. కొత్తగా సున్నం కొట్టి ఉంది.

విజయభాస్కర్ గోడ పక్కనే వంగి నడిచాడు. నడుమెత్తున సున్నం అక్కడక్కడా రాలి ఉంది. రాలిన మచ్చలు దగ్గరదగ్గరగా ఒక వరసలో వార్డునుంచి తొట్టి గది దాకా సాగాయి. ప్రతి మచ్చా అరచేతి మొదలు వెడల్పు. వేళ్ల గుర్తులు లేవు. వేళ్లు చాచలేని మనిషి ఎవరో బరువంతా చేతి మీద వేసి, గోడను ఆనుకుంటూ, చిన్నచిన్న అడుగులతో వచ్చారు. మచ్చల పక్కన సున్నంలో సన్నటి గీతలు. గాజు గీసిన గీతలు.

వెనక వాకిలి దగ్గర రెండు అరచేతుల గుర్తులూ పక్కపక్కనే లోతుగా ఉన్నాయి. వచ్చిన మనిషి అక్కడ నిలబడిపోయింది. తిరిగి వెళ్లేటప్పటి జాడలు వేరు. ముద్రలు పడలేదు, గోడ పొడవునా సున్నం గీరుకుపోయింది. కాళ్లు సహకరించకపోయినా పారిపోవాలని చూసిన మనిషి ఈడ్చుకుపోయిన జాడ అది.

అతను చెట్టు దగ్గరకు తిరిగివచ్చి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ సందు గోడకు సున్నం ఎప్పుడు కొట్టారు?"

"శనివారం పొద్దుగూకేటప్పుడు నేనే కొట్టినానయ్యా," అన్నాడు హెబ్రోను. "మణికట్టుకు కుంచె కట్టుకొని."

"ఏమిటి, గోడలు కూడా సాక్ష్యం చెబుతున్నాయా?" అని నవ్వాడు సంజీవరావు. కానిస్టేబుళ్లు చేతులు కడుక్కుంటున్నారు.

గోడ సంగతి ఇప్పుడే చెబితే హెబ్రోను మెడలో ఉన్న ఉచ్చు తీసి ఇన్‌స్పెక్టర్ గోడ పట్టుకుని వచ్చిన మనిషి మెడలో వేస్తాడు. విజయభాస్కర్ గబగబా వార్డు వైపు నడిచాడు.

తక్కినవాళ్లంతా భోజనానికి పోయారు. పొడుగాటి వార్డులో కిటికీ పక్క మంచం మీద కామమ్మ ఒక్కతే పడుకుని ఉంది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర సేద్యం చేసుకునే ఇంటి ఆడది. కాన్పులో బిడ్డ పోయిన ఏడాది కీళ్లు వాచి, మోకాళ్లు ముడుచుకుపోయి, చేతివేళ్లు వంకర్లు తిరిగి ఇక్కడికి చేరింది. చేతినిండా మట్టిగాజులు. ఎడమ చేతివి రెండు పగిలి ఉన్నాయి.

"నిన్న పొద్దున మగ్దలీనమ్మ మీ దగ్గరే ఉన్నారా, అమ్మా?"

"ఉండిందయ్యా. ప్రసంగం మొదలుకాడ్నుంచి."

"మీరు మంచం మీదే ఉన్నారా?"

"నేనింక యాడికి పోతానయ్యా?"

విజయభాస్కర్ దుప్పటి చివర కనబడుతున్న ఆమె పాదాల వైపు చూశాడు. మడమలు పగిలి ఉన్నాయి. ఆ పగుళ్లలో ఇసుక ఇరుక్కుని ఉంది. ఆమె అతని చూపు గమనించి కాళ్లు లోపలికి లాక్కుంది. ఆరేళ్లుగా బిగుసుకుపోయాయన్న మోకాళ్లు తేలిగ్గా కదిలాయి.

అతను కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"సందు గోడ చూసి వచ్చాను. మీరు తొట్టి గదికి నడిచి వెళ్లారు. వాకిలి దగ్గర నిలబడ్డారు. ఏదో చూసి భయపడి వెనక్కి వచ్చారు. అంతవరకు గోడ చెప్పింది. చూసిందేమిటో మీరు చెప్పాలి."

కామమ్మ మొహం కప్పు వైపు తిప్పుకుంది. కన్నీళ్లు చెవుల మీదుగా దిండులోకి జారుతున్నాయి.

"నడక ఎప్పుడొచ్చింది?" అన్నాడు అతను.

"మామిళ్లు పూసేటప్పుడు. కసరత్తులమ్మే నేర్పించింది. ఆదివారం ప్రసంగం జరిగేటప్పుడు ఎవురూ ఉండరు గదా. ముందు మోసుకొనిపోయి నీళ్లలో నిలబెట్టేది. తరవాత గోడ పట్టుకోని నువ్వే రా అనింది. వచ్చినా. ఆయమ్మ నా మోకాళ్లు పట్టుకోని ఏడ్చినాది."

"ఎవరికీ చెప్పలేదా ఆవిడ?"

"నేను వద్దన్నానయ్యా. తన పరిశోధన పేపర్లలో కూడా రాయొద్దంటే రాయలా. నువ్వు చెప్పమన్ననాడు చెప్తాలే కామమ్మా అనింది."

"ఎందుకు వద్దన్నారు?"

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. "నడిచేవాళ్లను ఇక్కడ ఉంచరు గదా. యాడికి పోవాల నేను? మా ఆయన మారుమనువు చేసుకున్నాడు. మా అన్న చూసేదానికి వచ్చి నాలుగేళ్లయింది. పడుకోనుంటేనే నాకు ఈ మంచం. మగ్దలీనమ్మ వచ్చి తల దువ్వుతది. లోకంలో నన్ను ముట్టుకునేది ఆమె ఒక్కతే."

విజయభాస్కర్‌కు తన ఒంటిగదీ, సాయంత్రాలూ గుర్తొచ్చాయి. భుజం బాగుపడినందుకు తనూ ఒకనాడు మనసులో నొచ్చుకున్నాడు.

"మిమ్మల్ని బలవంతపెట్టను," అన్నాడు చివరికి. "కాని మీరు మంచం మీదే ఉన్నారన్నంతకాలం మగ్దలీనమ్మ మీ దగ్గరే ఉన్నట్టు లెక్క. మీరు మంచం దిగారంటే ఆవిడ ఎక్కడున్నారో అడగాల్సి వస్తుంది. మీకది తెలుసు. అందుకే ఏడుస్తున్నారు."

బయట జీపు స్టార్టయింది.

కిటికీలోంచి అంతా కనబడుతోంది. కానిస్టేబులు హెబ్రోనును జీపు ఎక్కమన్నాడు. హెబ్రోను కడ్డీ పట్టుకోబోయాడు. వేళ్లు నిలవక చెయ్యి జారింది. మళ్లీ పట్టుకోబోయి మోకాళ్ల మీద పడ్డాడు. కానిస్టేబులు అతని మెడ మీద చెయ్యివేసి లోపలికి తోశాడు.

కామమ్మ దుప్పటి తీసేసింది.

విజయభాస్కర్ లేచి చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడింది. కిటికీ చువ్వ, తరవాత గోడ, ఆ తరవాత వాకిలి పట్టుకుంది. గడప దాటి వరండాలోకి వచ్చింది. వరండా మెట్లకు పట్టుకునే కడ్డీ లేదు. ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ కలుపుకుంటూ దిగింది. భోజనాల గదినుంచి వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ఎవరో "యేసయ్యా" అన్నారు.

"ఆపండి!" అని అరిచాడు విజయభాస్కర్. "సంజీవరావు గారూ, ఇంజను ఆపండి!"

సంజీవరావు జీపులోంచి తల బయటపెట్టి చూశాడు. ఇంజను ఆగింది.

కామమ్మకు గంజిగిన్నె తీసుకుని వస్తున్న మగ్దలీనమ్మ తోట మధ్యలో నిలబడిపోయింది. గిన్నె చేతిలోంచి జారింది. ఆమె మొహంలో ముందు కనబడింది భయం కాదు.

"కామమ్మా! పడతావే తల్లీ, పడతావు!" అంటూ రెండు చేతులూ చాచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

కామమ్మ వెనక్కి అడుగు వేసింది. తూలింది. అయినా నిలదొక్కుకుంది.

"నన్ను ముట్టుకోవద్దమ్మా."

మగ్దలీనమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"వాకిలి కాడ నిలబడి చూసినా," అంది కామమ్మ. గొంతు చిన్నదే అయినా అందరికీ వినబడింది. "అందరినీ పంపించేస్తావా, నాకెవుర్ని మిగులుస్తావు అని అడిగినావు. ఆయమ్మ నీకు చెప్పలేక తల తిప్పుకొని తొట్టిలో నీళ్లు చూసుకుంటా ఉండాది. నువ్వు ఎనకనించి పట్టుకున్నావు. వొదుల్తావు, వొదుల్తావు అని చూస్తా ఉండా. వొదల్లా." ఆమె ఊపిరి అందక ఆగింది. "తరవాత తడి చేతుల్తో వచ్చి నాకు గంజి తాపినావు. ఇక్కడనే ఉండానని చెప్పు బిడ్డా అన్నావు. సరేనన్నా. హెబ్రోను చస్తాడని తెలిసీ సరేనన్నా."

సంజీవరావు జీపు దిగాడు. అతను విజయభాస్కర్ వైపు చూడలేదు. కానిస్టేబులుతో హెబ్రోను కట్లు విప్పమని మాత్రం చెప్పాడు.

మగ్దలీనమ్మకు అతను దగ్గరకు రావడం తెలిసినట్టు లేదు. చుట్టూ ఉన్న జనమూ కనబడటం లేదు. ఆమె కామమ్మ పాదాల వైపే చూస్తోంది.

"నడస్తా ఉండావే," అంది. "ఎన్నాళ్లనుంచి తల్లీ? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్లీ పడుకోబెట్టేదానివి."

ఆ మాటకు మగ్దలీనమ్మ ఒలికిన గంజిలోనే కూర్చుండిపోయింది. సంజీవరావు పేరు పెట్టి రెండుసార్లు పిలిచినా ఆమె తల ఎత్తలేదు. కామమ్మ తోట మధ్యలో, పట్టుకోవడానికి దగ్గరలో ఏదీ లేనిచోట, వణుకుతున్న కాళ్ల మీద నిలబడి ఉంది.